వికలాంగ బాలలకు ధనసహాయం: ఆలస్యమే అన్యాయం

'అడగనిదే అమ్మయినా పెట్టదు' అని మన పెద్దల సామెత. అమ్మ విషయంలో ఆ మాట ఎంతవరకు నిజమో గాని, ప్రభుత్వ ధనసహాయం విషయంలో మాత్రం అక్షరాలా నిజం. అయితే ఆ సామెతలో ఒక చిక్కు ఉన్నది. అడగడానికి నోరుండాలి. కార్యాలయం వరకు వెళ్ళడానికి కాళ్ళుండాలి. దరఖాస్తు చదవడానికి కళ్ళుండాలి. అన్నిటికన్న ముందు, ఏమి అడగాలో, ఎవరిని అడగాలో తెలిసి ఉండాలి. వీటిలో ఏదో ఒకటి లోపించినందువల్లనే సహాయానికి అర్హత పొందిన బిడ్డను, ఇవన్నీ ఉంటే తప్ప అందుకోలేని సహాయం ముందు నిలబెట్టడం ఎంత విడ్డూరం! ఈ విడ్డూరాన్ని గురించి మా సోదర సోదరీ విద్యార్థులతోను, గురువర్యులతోను నాలుగు మాటలు చెప్పుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటనే ఒక మాట స్పష్టం చేస్తున్నాము. వికలాంగ బాలల కొరకు మన దేశంలో చట్టాలు లేవనిగాని, పథకాలు లేవనిగాని మేము అనడం లేదు. దయాదాక్షిణ్యాలు లేని ప్రభుత్వాలని నిందించడమూ మా అభిమతం కాదు. మా ఫిర్యాదు ఒక్కటే. ఉన్న సహాయం ఆలస్యంగా వస్తున్నది. బిడ్డ వయస్సును బట్టి చూసినా ఆలస్యమే, క్యాలెండరును బట్టి చూసినా ఆలస్యమే. ఖర్చు ఉయ్యాలలో మొదలవుతున్నది. సహాయం మీసాలు వచ్చిన తరువాత మొదలవుతున్నది. ఈ రెంటికీ మధ్య గడచిన సంవత్సరాలలోనే ఆ బిడ్డ భవిష్యత్తు నిర్ణయమైపోతున్నది.

కొంచెం వెనుకకు వెళ్ళి చూద్దాము. వికలాంగ బాలలను సాధారణ పాఠశాలలలోనే చదివించాలన్న ఆశయంతో కేంద్ర ప్రభుత్వం 1974లో సమీకృత విద్యా పథకాన్ని ఆరంభించింది. తరువాత సవరింపబడిన ఆ పథకంలో రవాణా భత్యం, అంధ విద్యార్థికి చదివి వినిపించే వారి భత్యం, నడవలేని విద్యార్థికి తోడు వచ్చే వారి భత్యం అని వేరువేరుగా పేర్కొన్నారు. అంకెలు చిన్నవే అయినా ఆలోచన గొప్పది. వికలాంగుడైన బాలునికి పుస్తకాల ఖర్చుతోపాటు తోటి బాలునికి లేని మరొక ఖర్చు ఉంటుందని ఆ పథకం గుర్తించింది. 1981వ సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. అదే సంవత్సరం నుండి కృత్రిమ అవయవాలు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు మొదలైన ఉపకరణాలకు కేంద్ర సహాయ పథకం అమలులోకి వచ్చినది. 1995లో వికలాంగుల చట్టం, 1999లో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గల వారి కొరకు జాతీయ న్యాస చట్టం, 2016లో ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించిన నూతన హక్కుల చట్టం వరుసగా వచ్చినవి.

ఈ 2016 చట్టాన్ని ఓపికగా చదివిన వారికి ఆశ్చర్యం కలుగుతుంది. నలభై శాతమో అంతకు మించో వైకల్యం గల ప్రతి బాలునికి, బాలికకు ఆరవ ఏట నుండి పదునెనిమిదవ ఏటి వరకు ఉచిత విద్య హక్కుగా లభించాలని ఆ చట్టం చెప్పినది. పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని చెప్పినది. బడికి వెళ్ళడానికి వాహన సౌకర్యం ఉండాలని, అధిక సహాయం అవసరమైన బిడ్డ అయితే వెంట వచ్చే వ్యక్తికి కూడా ఆ సౌకర్యం ఉండాలని చెప్పినది. సాంఘిక భద్రతా పథకాలలో ఇతరులకు ఇచ్చే మొత్తంకంటె వికలాంగులకు కనీసం ఇరవై అయిదు శాతం అధికంగా ఇవ్వాలని కూడా చెప్పినది. ఉన్నత విద్యాసంస్థలలో అయిదు శాతానికి తగ్గకుండా స్థానాలు కేటాయించాలన్నది. ఇంతకన్న ఉదారంగా ఒక చట్టం మాట్లాడడం కష్టం. కాని 'దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు' అన్నట్లు, చట్టం ఇచ్చిన వరం బిడ్డ చేతికి వచ్చే దారి ఎట్లున్నదో చూడవలసి ఉన్నది.

ఆ దారిని వయస్సుల వారీగా పరిశీలిద్దాము. కేంద్ర ప్రభుత్వపు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం 2009లో ఆరంభమైనది. దానికి పదునెనిమిది ఏండ్లు నిండాలి, వైకల్యం ఎనభై శాతం ఉండాలి, కుటుంబం దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి. అన్నీ ఉంటే నెలకు 300 రూపాయలు. ఆ అంకెను 2012లో నిర్ణయించారు. దశాబ్దం దాటినా అది కదలలేదు. బాలునికి అందులో చోటే లేదు. ఇక విద్యార్థి వేతనాలు. కేంద్రం ఇచ్చే మెట్రిక్ పూర్వ విద్యార్థి వేతనం తొమ్మిదవ తరగతిలో మొదలవుతుంది. ఎనిమిదవ తరగతి వరకు బడిలో నిలువగలిగిన వారికే అది అందుతుంది. అంతకు పూర్వం ఉన్నది సమగ్ర శిక్షా పథకంలో బిడ్డకు సంవత్సరానికి 3500 రూపాయల కేటాయింపు. అది నేరుగా బిడ్డ చేతికి వచ్చే సొమ్ము కాదు, ఉపకరణాలకు, సేవలకు ఉద్దేశింపబడినది. బాలికలకు మాత్రం నెలకు 200 రూపాయల చొప్పున పది నెలల ప్రోత్సాహకం ఉన్నది. రోజుకు లెక్క వేస్తే ఏడు రూపాయలైనా పడదు.

మన తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో కేంద్రంకంటె ఎంతో ముందున్నవని సంతోషంగా ఒప్పుకోవాలి. మన రెండు రాష్ట్రాలలోను వికలాంగుల పింఛనుకు కనీస వయోపరిమితి లేదు. తెలంగాణలో 2014లో 1500 రూపాయలుగా ఆరంభమైన ఆసరా పింఛను 2019లో 3016కు, 2023లో 4016కు పెరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పింఛనును 3000 నుండి 6000 రూపాయలకు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 రూపాయలకు పెంచారు. ఇవి చిన్న మొత్తాలు కావు. ఒక పేద కుటుంబానికి ఇవి ప్రాణాధారం. అయితే ఆ సొమ్మును చేరడానికి సదరం ధ్రువపత్రం అనే ద్వారం దాటాలి. ఆలస్యం ఆ ద్వారం వద్దనే కాచుకొని కూర్చున్నది.

బాల్యంలో ఆలస్యానికి ఎందుకింత ప్రాముఖ్యం ఇవ్వాలి అని ఎవరైనా అడుగవచ్చును. దానికి ఒక ఉదాహరణ చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం, పుట్టుకతో వినికిడి లేని పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సలు చేయించినది. లక్షల రూపాయల ఖర్చయ్యే ఆ చికిత్స రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలకు అందడం ఒక అద్భుతమే. కాని ఆ చికిత్సకు ఒక నియమం ఉన్నది. మెదడు మాటలు నేర్చుకునే తొలి సంవత్సరాలలోనే అది జరగాలి. రెండేండ్ల బిడ్డకు చేస్తే మాట వచ్చే అవకాశం ఎక్కువ. పుట్టుకతో వినికిడి లేని పదేండ్ల బాలునికి చేస్తే శబ్దం వినిపించినా మాట రావడం చాలా కష్టం. అదే యంత్రం, అదే ఖర్చు. ఎనిమిదేండ్ల ఆలస్యం ఫలితాన్ని హరించివేస్తుంది. అంతేకాదు, శస్త్రచికిత్స తరువాత సంవత్సరాల తరబడి మాట నేర్పే శిక్షణ కావాలి, యంత్రానికి బ్యాటరీలు కావాలి, చెడిపోతే మరమ్మతు కావాలి. ఆసుపత్రి ఖర్చు భరించిన సహాయం ఆ తరువాతి ఖర్చు దగ్గర ఆగిపోతే, నాటిన మొక్కకు నీరు పోయనట్లే అవుతుంది.

పుట్టుకతో పాదం వంకర తిరిగిన శిశువు సంగతి కూడ ఇంతే. తొలి వారాలలో వరుసగా పట్టీలు వేయిస్తే చాలావరకు సరిపోతుంది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుండి పదునెనిమిది ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించి ఇటువంటి లోపాలను తొలిదశలోనే కనుగొనడానికి ఏర్పడినది. ఆ ఆశయం శ్లాఘనీయం. కాని లోపాన్ని కనుగొన్న తరువాత, 'జిల్లా కేంద్రానికి వారం వారం తీసుకొని రండి' అన్నప్పుడు, ఆ రాకపోకల ఖర్చు ఎవరు భరిస్తారు? ఒకరోజు కూలి పోగొట్టుకొని బిడ్డను ఎత్తుకొని వచ్చే తల్లిదండ్రులు ఎన్ని వారాలు రాగలరు?

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. మా కళాశాలకు నాలుగు వీధుల అవతల ఒక కుటుంబం ఉన్నది. తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి ఇంటిలో కుట్టుపని చేస్తుంది. వారి ఎనిమిదేండ్ల కుమారునికి సెరిబ్రల్ పాల్సీ. కూర్చోలేడు, నిలబడలేడు, కాని మేము వెళితే గుర్తుపట్టి నవ్వుతాడు. ఒకనాడు ఆ తల్లి మమ్ములను పిలిచి ఒక కాగితం చేతికిచ్చి, "బేటా, ఇందులో ఏమని రాసి ఉన్నది?" అని అడిగినది. అది శిబిరానికి రావలసిన తేదీని తెలిపే చీటీ. ఆ తేదీ గడచి పదునొకండు రోజులైనది. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చును, తెలుగు మాట్లాడడం వచ్చును. ఆ చీటీ మాత్రం ఆమెకు రాని ఇంగ్లీషులో ఉన్నది.

మేము ముగ్గురం ఆమె వెంట తిరిగి, మరొక తేదీ సంపాదించాము. అది రెండు నెలల తరువాత వచ్చినది. ఆనాడు బస్సులో పోదామంటే, స్త్రీలకు ప్రయాణం ఉచితమే గాని, మెట్లెక్కలేని ఆ పిల్లవానిని ఆ రద్దీలో ఎక్కించడం ఎట్లు? తండ్రి బేరాలు మానుకొని ఆటోలో తీసుకొని వచ్చినాడు. మధ్యాహ్నం వరకు వరండాలో కూర్చున్న తరువాత, సంబంధిత వైద్యులు ఆనాడు రాలేదని చెప్పినారు. మరల తేదీ, మరల ఆటో. నాలుగవసారికి పని అయినది. తిరిగి వచ్చేటప్పుడు మేము ఏదో ధైర్యం చెప్పబోగా, "ఖాలాను ఓదార్చకండి బేటా, వీడు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే మీరు వచ్చి ఉంటే బాగుండేది" అన్నదామె. ఆ మాటలో మా మీద కోపం లేదు. కాని మేము ఆనాటి నుండి దానిని మరువలేకపోతున్నాము. ఆమె ఇల్లు మా కళాశాలకు నాలుగు వీధుల దూరంలోనే ఉన్నది. మేము అక్కడకు చేరడానికి ఎనిమిదేండ్లు పట్టినది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. ఆ లెక్కల ఆధారంగా యునెస్కో 2019లో వెలువరించిన నివేదిక, అయిదు నుండి పందొమ్మిది ఏండ్ల లోపు వికలాంగ బాలబాలికలలో నాల్గవ వంతు మంది ఏ విద్యాసంస్థలోను లేరని తెలిపినది. అయిదేండ్ల వయస్సు వారిలోనైతే నాలుగింట మూడు వంతుల మంది బడి ముఖమే చూడలేదు. విద్యార్థి వేతనం తొమ్మిదవ తరగతిలో మొదలవుతుందని పైన చెప్పినాము. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూడండి. పునాది దగ్గర కూలిన ఇంటికి పైకప్పు వేయడానికి సొమ్ము మంజూరు చేసినట్లు కనిపించడం లేదా?

ధ్రువపత్రం విషయంలో న్యాయమైన మాట ఒకటి చెప్పాలి. పరీక్ష లేకుండా పింఛను ఇవ్వమని మేము కోరడం లేదు. ఎదిగే వయస్సులో వైకల్యం మారవచ్చును గనుక, బుద్ధిమాంద్యం గల పిల్లలకు అయిదవ ఏట, పదవ ఏట, పదునెనిమిదవ ఏట ధ్రువపత్రాన్ని పునరుద్ధరించాలన్న నియమం సమంజసమే. కాని పరీక్ష ఆలస్యమైతే దాని ఫలితం ఎవరు అనుభవించాలి? 2017 నాటి నియమావళి దరఖాస్తు చేసిన నెల రోజులలో ధ్రువపత్రం ఇవ్వాలన్నది. 2024 సవరణలో ఆ గడువు మూడు నెలలైనది. గడువు పెరిగినది కార్యాలయానికి. వేచి ఉండవలసినది బిడ్డ. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛనుదారుల వైకల్య శాతాన్ని తిరిగి పరిశీలించినప్పుడు ఎందరో తల్లిదండ్రులు పడిన ఆందోళన పత్రికలలో చదివినాము. అనర్హులను ఏరివేయడం ప్రభుత్వ ధర్మమే. దొంగ ధ్రువపత్రం తెచ్చినవాడు వికలాంగ బిడ్డ నోటి ముందరి ముద్దను లాక్కున్నవాడు. కాని దొంగను పట్టుకోవడానికి ఇంటి యజమానిని సంకెళ్ళతో నిలబెట్టడం న్యాయం కాదు.

ధనసహాయం వల్ల సోమరితనం పెరుగుతుందని, ఆ సొమ్మును తల్లిదండ్రులు తమ అవసరాలకు వాడుకుంటారని కొందరు పెద్దలు అంటారు. వారి మాటను గౌరవిస్తూనే మేము ఒక ప్రశ్న వేస్తున్నాము. వికలాంగ బిడ్డ ఉన్న ఇంటిలో బిడ్డ అవసరం, ఇంటి అవసరం అని రెండు వేరువేరుగా ఉంటాయా? బిడ్డను చూసుకోవడానికి తల్లి పని మానివేసినప్పుడు, ఆమె పోగొట్టుకున్న కూలి బిడ్డ ఖర్చు కాదా? అధిక సహాయం అవసరమైన వారికి సంరక్షకుల భత్యం ఉండాలని 2016 చట్టం చెప్పడంలోని అంతరార్థం ఇదే. మెట్రిక్ పూర్వ విద్యార్థి వేతనానికి తల్లిదండ్రుల వార్షికాదాయం రెండున్నర లక్షలు మించరాదన్న నియమం ఉన్నది. మంచిదే. కాని ఆ ఆదాయంలో నుండి బిడ్డ వైద్యానికి, రాకపోకలకు పోయే సొమ్మును తీసివేసి లెక్కించే పద్ధతి లేదు. ఒకే ఆదాయం గల రెండు ఇండ్లలో వికలాంగ బిడ్డ ఉన్న ఇల్లు నిజానికి మరింత పేద ఇల్లు. ఈ చిన్న గణితాన్ని మన నిబంధనలు ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

కాబట్టి మా కోరికలు మూడు. మొదటిది, వైకల్యాన్ని వైద్యుడు గుర్తించిన నాటి నుండే, బడి వయస్సు వరకు ఆగకుండా, శిశువుకు సహాయం ఆరంభం కావాలి. అందులో రాకపోకల ఖర్చు, తోడు వచ్చే వారి ఖర్చు విడిగా లెక్కకు రావాలి. రెండవది, ధ్రువపత్రం పునరుద్ధరణలో జాప్యం కార్యాలయం వైపు నుండి జరిగితే, పాత సహాయం ఆగకుండా కొనసాగాలి. మంచం మీది బిడ్డ శిబిరానికి రావడం గాక, శిబిరమే ఆ బిడ్డ ఉన్న వాడకు రావాలి. మూడవది, చీటీగాని, దరఖాస్తుగాని, తిరస్కరణ ఉత్తరువుగాని ఆ కుటుంబం చదువగల భాషలో ఉండాలి. తెలుగు వారికి తెలుగులో, ఉర్దూ వారికి ఉర్దూలో.

వికలాంగులన్న పేరు తరువాత 2015 నుండి దివ్యాంగులన్న పేరు ప్రచారంలోకి వచ్చినది. విభిన్న ప్రతిభావంతులన్న పేరు ప్రభుత్వ శాఖకు పెట్టినారు. మంచి పేరు పెట్టాలన్న కోరికను మేము తప్పు పట్టము. కాని పేరు మార్చడానికి ఒక ఉత్తరువు చాలును. ఆ బిడ్డ దినచర్య మారాలంటే సొమ్ము సకాలంలో అందాలి.

ప్రభుత్వానికి చెప్పవలసినది చెప్పినాము. ఇక మనకు మనం చెప్పుకోవలసినది మిగిలి ఉన్నది. మన కళాశాలకు ఒక విశేషం ఉన్నది. ఒకే తరగతి గదిలో ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు పక్కపక్కన కూర్చునే భాగ్యం ఎన్ని విద్యాసంస్థలకు దక్కుతుంది? ఆ భాగ్యాన్ని ముషాయిరాలకు, కవి సమ్మేళనాలకు మాత్రమే వినియోగించడం చాలదు. వారానికి ఒక సాయంత్రం, గ్రంథాలయంలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక దస్త్రం ఉంటే చాలును. ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో దరఖాస్తు చదివి చెప్పవచ్చును. ఏ తేదీన ఏ బిడ్డ ఏ శిబిరానికి వెళ్ళాలో దస్త్రంలో వ్రాసి, ముందు రోజు వారి ఇంటికి వెళ్ళి గుర్తు చేయవచ్చును. అంధ విద్యార్థికి పరీక్షలో వ్రాసిపెట్టే వారు దొరకక ఇబ్బంది పడకుండా మనలో నుండి పేర్లు ముందే సిద్ధం చేయవచ్చును. దీనికి విరాళాలు అక్కరలేదు, సభలు అక్కరలేదు, పూలదండలు అంతకన్నా అక్కరలేదు. ఇది దానం కాదు. చట్టం వారికి ఇచ్చివేసిన దానిని వారి ఇంటికి చేర్చడం మాత్రమే.

అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెతతో ఈ వ్యాసం ఆరంభించినాము. అడగలేని బిడ్డ తరఫున అడగడం చదువుకున్నవాని విధి. మన వీధులలో ఈనాడు ఏదో ఒక ఇంటిలో ఒక శిశువు ఉయ్యాలలో ఉన్నది. ఆ తల్లి చేతిలో తాను చదువలేని చీటీ ఉన్నది. ఆ చీటీ మీది తేదీ ఇంకా గడువలేదు. గడువక ముందే ఆ తలుపు తట్టుదాము.